మైసూరు రాకెట్లు: కొత్తదనం ఎక్కడుంది, అతిశయోక్తి ఎక్కడుంది

మైసూరు రాకెట్ల గురించి మీరు అడిగినదానిలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. రాకెట్‌ను యుద్ధంలో మొదట వాడింది టిప్పు సుల్తానా, చైనావారా? ఇంగ్లీషు సైన్యం కోసం విలియం కాంగ్రీవ్ తయారుచేసిన కాంగ్రీవ్ రాకెట్ మైసూరు రాకెట్‌కు అచ్చు నకలేనా? ఈ రాకెట్లు యుద్ధాల గెలుపోటములను నిజంగా మార్చాయా?

ఘన ఇంధన రాకెట్ మోటార్ల తయారీలో ఉద్యోగ జీవితం గడిపినవాడిని నేను. అందుకే ఈ చరిత్ర చదివేటప్పుడు రాజుల పేర్ల కంటే ముందు గొట్టం దేనితో చేశారు, అందులో మందు ఎలా దట్టించారు అన్న సంగతులే వెతుకుతాను. అలా చూస్తే జవాబు స్పష్టంగానే దొరుకుతుంది. రాకెట్ పుట్టింది చైనాలో. టిప్పు దాన్ని కనిపెట్టలేదు. కానీ నాలుగైదు వందల ఏళ్లపాటు కాగితం, వెదురు గొట్టాలలో ఉండిపోయిన ఆయుధాన్ని ఇనుప గొట్టంలోకి మార్చి, దానికి ప్రత్యేక సైన్యాన్ని ఏర్పరచి, లెక్కప్రకారం వాడినది మైసూరు రాజ్యం. ఆ ఘనత చిన్నది కాదు. దానికి లేనిపోని కథలు తగిలిస్తే అసలు ఘనతే మరుగున పడిపోతుందని నా బాధ.

ముందు చైనా సంగతి. తుపాకిమందు అక్కడే పుట్టింది. 1044లో సోంగ్ రాజవంశం కోసం కూర్చిన 'వుజింగ్ జోంగ్యావ్' అనే సైనిక గ్రంథంలో మందు కలిపే పాళ్లు రాసి ఉన్నాయి. అందులో 'అగ్నిబాణం' అన్న మాట కనబడగానే చాలామంది అది రాకెటేనని తేల్చేస్తారు. అది పొరపాటు. ఆ బాణానికి మందు పొట్లం కట్టి, వత్తి అంటించి, మామూలుగా వింటితోనే వదిలేవారు. పొట్లం చేసే పని తగలబెట్టడం. బాణాన్ని ముందుకు తోసేది వింటినారే.

రెండో పొరపాటు 1232 గురించి. మంగోలులు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించినప్పుడు ఉత్తర చైనాను ఏలుతున్న జిన్ రాజ్య సైనికులు 'ఎగిరే అగ్ని ఈటె' అనే ఆయుధాన్ని వాడారు. ప్రపంచంలో మొదటి రాకెట్ యుద్ధం అదేనని అనేక పుస్తకాలు రాస్తాయి. కానీ జిన్ వంశ చరిత్రలో ఆ ఆయుధం వర్ణన ఉంది, చదవండి. పదహారు పొరల పసుపు కాగితంతో రెండు అడుగుల గొట్టం చేసి, అందులో విల్లో చెట్టు బొగ్గు, గంధకం, ఇనుప రజను వంటివి నింపి ఈటె మొనకు తాడుతో కట్టారు. నిప్పంటిస్తే మంట ఈటె ముందుకు పది అడుగులకు పైగా చిమ్మేది. మందు అయిపోయాక గొట్టం చెక్కుచెదరకుండా మిగిలేది. అంటే మంట ముందువైపుకు వస్తోంది, ఈటె సైనికుడి చేతిలోనే ఉంది. ఈటెకు కట్టిన చిచ్చుబుడ్డి అనుకోండి. రాకెట్‌లో మంట వెనక్కి పోవాలి, వస్తువు ముందుకు పోవాలి. ఇక్కడ ఆ రెండూ లేవు.

తన మంటతో తానే ఎగిరే బాణం స్పష్టంగా కనబడేది 14వ శతాబ్దపు 'హువోలోంగ్‌జింగ్' గ్రంథంలో. అందులో బుట్టలలో పేర్చి ఒకేసారి వదిలే రాకెట్ బాణాలున్నాయి. నీటి మీదుగా పోయే డ్రాగన్ ఆకారపు రాకెట్ కూడా ఉంది. బయట కట్టిన రాకెట్లు మండి అయిపోతుండగా, లోపలి రాకెట్లు అంటుకుని డ్రాగన్ నోటి నుంచి బయటకు దూసుకుపోతాయి. రెండు దశల రాకెట్ ఆలోచన అప్పుడే వచ్చిందన్నమాట. ఆ తర్వాత కొరియా ఈ విద్యను మరింత క్రమబద్ధం చేసింది. 1448లో అక్కడ 'సింగిజొన్' అనే రాకెట్ బాణాల కొలతలను ప్రమాణీకరించారు. 1451లో చక్రాల బండి మీద చట్రం బిగించి వంద బాణాలను వరసగా వదిలే 'హ్వాచా' వచ్చింది. ఆ కొలతలు 1474 నాటి గ్రంథంలో భద్రంగా ఉండబట్టే ఈ కాలపు కొరియా ఇంజనీర్లు వాటిని మళ్లీ తయారుచేసి ఎగరవేయగలిగారు. మన దేశంలో అలాంటి కొలతల పట్టిక ఒక్కటి మిగిలి ఉంటే ఎంత బాగుండేదో.

యూరప్‌లో కూడా రాకెట్లు తెలియనివి కావు. 16వ శతాబ్దంలో ట్రాన్సిల్వేనియాలోని సిబియులో కాన్రాడ్ హాస్ పలు దశల రాకెట్ల బొమ్మలు గీశాడు. 1650లో కాజిమియెజ్ సియెమియెనోవిచ్ ఫిరంగి విద్య మీద రాసిన లాటిన్ గ్రంథంలో రాకెట్లకు ఒక భాగమే ఉంది. అయితే ఫిరంగులు మెరుగుపడేకొద్దీ అక్కడి సైన్యాలకు రాకెట్ అవసరం తగ్గి, అది ఉత్సవాల బాణసంచాగా మిగిలింది.

ఇక మన దేశం. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి ఉత్సవాలలో బాణసంచా చూసినట్టు రాశాడు. శ్రీకృష్ణదేవరాయలతో తలపడిన గజపతి ప్రతాపరుద్రుడి పేరిట ఉన్న 'కౌతుక చింతామణి'లో బాణసంచా పాళ్లు సంస్కృతంలో ఉన్నాయి. మొఘలుల కాలానికి 'బాన్' అనే యుద్ధ రాకెట్లు ఉత్తరాదిలోనూ, దక్కనులోనూ మామూలైపోయాయి. ఏనుగులను, గుర్రాలను బెదరగొట్టడమే వాటి ముఖ్యమైన పని. అంటే టిప్పు తండ్రి హైదర్ అలీ పుట్టేనాటికే భారతదేశంలో రాకెట్ దళాలు ఉన్నాయి. ఆయన తండ్రి ఫతే ముహమ్మద్ స్వయంగా ఆర్కాటు నవాబు కొలువులో యాభై మంది రాకెట్ సైనికులకు నాయకుడు. కోలారు ప్రాంతంలోని బూదికోట హైదర్ పుట్టిన ఊరు. తండ్రి వృత్తి కొడుకు ఊహలో ఎలా పెరిగిందో ఇక్కడే అర్థమవుతుంది.

మరి మైసూరులో కొత్తగా జరిగిందేమిటి? గొట్టం మారింది. ఇది వినడానికి చిన్న మార్పులా ఉంటుంది గానీ, నా దృష్టిలో ఈ కథ మొత్తానికి ఇదే కీలకం, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

తుపాకిమందులో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి. మండడానికి కావలసిన ప్రాణవాయువును సురేకారమే ఇస్తుంది కాబట్టి బయటి గాలితో పనిలేదు, మూసిన గొట్టంలో కూడా మండుతుంది. ఈ మందు మండే వేగం చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి పెరుగుతుంది. పీడనం పెరిగితే వేగంగా మండుతుంది. వేగంగా మండితే వాయువు ఎక్కువగా పుట్టి పీడనం మళ్లీ పెరుగుతుంది. వెనుక ఉన్న సన్నని మూతి గుండా వాయువు పోయే వేగం, లోపల పుట్టే వేగం సమానమైన చోట మోటారు నిలకడగా నడుస్తుంది. ఆ నిలకడ ఎంత ఎక్కువ పీడనం దగ్గర కుదిరితే తోపుడు బలం అంత ఎక్కువ, వెళ్లే దూరం అంత ఎక్కువ. కానీ గొట్టం ఆ పీడనాన్ని తట్టుకోవాలి. కాగితం గొట్టమైతే తట్టుకోలేదు, పగిలిపోతుంది. బలం కోసం పొరలు పెంచితే బరువు, మందం పెరిగి లోపల మందుకు చోటు తగ్గుతుంది. వెదురుకు గణుపుల దగ్గర బలం ఉంటుంది గానీ నిలువునా చీలే గుణం ఉంది. ఇనుప గొట్టమైతే పలుచని గోడతోనే ఎక్కువ పీడనాన్ని ఆపుతుంది, మందు ఎక్కువ పడుతుంది, దాన్ని గట్టిగా దట్టించడానికి వీలవుతుంది.

గట్టిగా దట్టించడం అన్నది ఎంత ముఖ్యమో ఈ పని చేసినవారికే తెలుస్తుంది. మందులో ఎక్కడైనా సన్నని పగులు గానీ గాలి బుడగ గానీ ఉంటే, మంట అక్కడికి చేరగానే మండే ఉపరితలం ఒక్కసారిగా పెరిగి, పీడనం చేయి దాటిపోయి మోటారు పేలిపోతుంది. ఈ రోజుల్లో మేము ఎక్స్‌రే తీసి ఆ పగుళ్లను వెతుకుతాం. ఆనాటి పనివారికి చేతి అనుభవం తప్ప మరో సాధనం లేదు. కాగితం గొట్టంలో బలంగా దట్టిస్తే గొట్టమే చిరుగుతుంది. ఇనుప గొట్టం సమ్మెట దెబ్బను ఓర్చుకుంటుంది. మైసూరు రాకెట్లు అంత దూరం పోవడంలో ఈ కనబడని విషయానికి పెద్ద పాత్ర ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఏ ఇనుము అన్నది కూడా చూడాలి. టిప్పు రాకెట్లను కత్తులకు ప్రసిద్ధమైన దక్షిణాది వూట్జ్ ఉక్కుతో చేశారని అక్కడక్కడా రాస్తుంటారు. కత్తికి ఉక్కు కావాలి. రాకెట్ గొట్టానికి కావలసింది పీడనానికి కొద్దిగా సాగే గుణం, రేకుగా కొట్టి గుండ్రంగా చుట్టి అతకడానికి ఒదిగే గుణం. కమ్మరి కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి చేసిన మెత్తని చేత ఇనుములో ఆ రెండూ ఉన్నాయి. మైసూరు గొట్టాలు అలాంటి మెత్తని ఇనుముతో చేసినవే. పోత ఇనుము అయితే పెళుసు, పీడనానికి ముక్కలైపోతుంది. దక్షిణాది కమ్మరులకు చేత ఇనుములో ఉన్న పట్టు లేకపోతే ఈ ఆయుధమే లేదు. వారిలో ఒక్కరి పేరు కూడా చరిత్రలో లేదు. బెంగళూరు నగర మార్కెట్ దగ్గరి తారామండలపేటలో వారి పనిశాలలు ఉండేవి.

ఇంగ్లండులోని వూలిచ్‌లో సైనిక మ్యూజియం సేకరణలోకి చేరిన రెండు మైసూరు రాకెట్ల కొలతలు మనకు తెలుసు. ఒకదాని గొట్టం వ్యాసం 58 మిల్లీమీటర్లు, పొడవు 25 సెంటీమీటర్లు. దాన్ని మీటరు పొడవున్న కత్తికి తోలు పట్టీలతో కట్టారు. రెండోది 38 మిల్లీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం. దానికి దాదాపు 1.9 మీటర్ల వెదురు కర్ర ఉంది. కర్ర ఎందుకంటే గురుత్వ కేంద్రాన్ని ముందుకు, గాలి ఒత్తిడి పనిచేసే కేంద్రాన్ని వెనక్కి ఉంచడానికి. దీపావళి తారాజువ్వకు పుల్ల ఎందుకు కడతామో దీనికీ అందుకే. వీటి దూరం సుమారు వెయ్యి గజాలు. ఆ రోజుల తుపాకీ గురి వంద గజాలు దాటితే నమ్మకం లేదు. సైనికుడు భుజాన మోసుకుపోగల వస్తువు తుపాకీకి పదింతల దూరం పోతోందంటే, ఎదుటి సైన్యానికి ఎంత చికాకో ఊహించవచ్చు.

రెండో కొత్తదనం సైన్యం ఏర్పాటులో ఉంది. హైదర్ దగ్గర రాకెట్ సైనికులు సుమారు 1,200 మంది. టిప్పు సైనిక నియమావళి 'ఫతుల్ ముజాహిదీన్' ప్రకారం 'కుషూన్' అనే ప్రతి పెద్ద దళానికి 200 మంది రాకెట్ సైనికులు ఉండాలి. అలాంటి దళాలు 24 దాకా పెరిగాయి కాబట్టి మొత్తం ఐదువేలకు దగ్గరవుతుంది. గొట్టం వ్యాసాన్ని, లక్ష్యం ఉన్న దూరాన్ని బట్టి ఏ కోణంలో వదలాలో వారికి శిక్షణ ఇచ్చేవారు. చక్రాల బండ్ల మీద నుంచి ఒకేసారి అనేకం వదిలే ఏర్పాటు కూడా ఉండేది. ఒక్కో రాకెట్‌కు గురి లేదు కాబట్టి గుంపుగా వదలడమే దానికి విరుగుడని మైసూరు సేనానులు సరిగ్గా గ్రహించారు. 20వ శతాబ్దంలో సోవియట్ సైన్యం కత్యూషా రాకెట్లను వాడినది కూడా ఈ సూత్రం మీదే.

ఇక యుద్ధాల సంగతి. అందరూ చెప్పేది 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర జరిగిన పొల్లిలూరు యుద్ధం. ఇందులో తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. ఆ రోజు ఓడిపోయిన ఇంగ్లీషు కర్నల్ విలియం బెయిలీ దళం బయలుదేరింది గుంటూరు నుంచే. హైదర్ ఆర్కాటు నవాబు రాజ్యం మీదికి దండెత్తాడని తెలిసి, గుంటూరు సర్కారులో ఉన్న ఈ దళాన్ని దక్షిణానికి రమ్మన్నారు. దారిలో వరదలో ఉన్న కొర్తలయారు నది వాళ్లను రోజుల తరబడి ఆపేసింది. హెక్టర్ మన్రో నడిపిన ఇంగ్లీషు ప్రధాన సైన్యం కాంచీపురంలోనే కూర్చుంది. ఈ రెండింటినీ కలవనివ్వకుండా మధ్యలో టిప్పు, హైదర్ చుట్టుముట్టారు. బెయిలీ మందుగుండు బండ్లు పేలిపోవడంతో దళం చెదిరిపోయింది, ఆయన పట్టుబడ్డాడు. ఆ బండ్లను పేల్చింది రాకెట్లేనన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఫిరంగి గుండ్లు తగిలి పేలాయని చెప్పే కథనాలూ ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, ఆ విజయానికి మూలం వేగంగా కదిలిన మైసూరు అశ్వికదళం, మన్రో కదలకపోవడం. చుట్టుముట్టి నిలిపేసిన శత్రువు మీద రాకెట్లు, ఫిరంగులు చివరి పని పూర్తిచేశాయి. ఇలా చెబితే మైసూరు గొప్పతనం తగ్గదు, దాని సేనాపతుల తెలివి కనబడుతుంది.

పొల్లిలూరు తర్వాత రెండేళ్లకు, 1782 డిసెంబరులో, చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో హైదర్ మరణించాడు. రాకెట్ దళం పెరిగింది టిప్పు హయాంలోనే. 1792 ఫిబ్రవరి 6 రాత్రి టిప్పు రాజధాని శ్రీరంగపట్నానికి ఉత్తరాన కావేరి వైపు కదులుతున్న ఇంగ్లీషు కర్నల్ నాక్స్ దళం మీద రాకెట్లు కురిశాయి. 1799లో చివరి ముట్టడి నాటికి ఇంగ్లీషు అధికారుల రాతలలో రాకెట్ల బాధ పదేపదే వస్తుంది. కదిలితే ముందు నుంచి, వెనుక నుంచి వచ్చి పడేవని, పొడవైన వెదురు కర్రలు మనుషులను చీల్చేవని ఒక అధికారి రాసుకున్నాడు. నేల మీద పడ్డాక కూడా మందు మిగిలి ఉంటే రాకెట్ ఆగదు. మెలికలు తిరుగుతూ వరుసల మధ్య దూరిపోతుంది. కత్తి కట్టినదైతే దారిలో ఉన్న కాళ్లను తెగ్గోస్తుంది. బండ్లు లాగే ఎడ్ల మీద, గుర్రాల మీద దాని ప్రభావం మనుషుల మీద కంటే ఎక్కువ. ఆనాటి సైన్యం నడక మొత్తం ఎడ్ల మీద ఆధారపడింది కాబట్టి ఇది చిన్న నష్టం కాదు.

1799 ఏప్రిల్ 5 రాత్రి సుల్తాన్‌పేట తోపు దగ్గర జరిగినది ఎక్కువమంది చెప్పుకునే ఘట్టం. హైదరాబాదు నిజాం పంపిన సైన్యానికి నాయకత్వం వహిస్తున్న ఆర్థర్ వెల్లెస్లీ, అంటే తర్వాతి కాలపు డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, చీకట్లో ఆ తోపులోకి దూరాడు. రాకెట్లు, తుపాకులు ఒక్కసారిగా విరుచుకుపడేసరికి దళం చెల్లాచెదురైంది. పన్నెండు మంది పట్టుబడ్డారు, వెల్లెస్లీ మోకాలికి దెబ్బ తగిలింది. 'నెపోలియన్‌ను ఓడించినవాడిని టిప్పు రాకెట్లు తరిమాయి' అని దీన్నే చెబుతుంటారు. జరిగిన మాట నిజమే. కానీ మర్నాడు పగటి వెలుగులో అదే వెల్లెస్లీ అదే తోపును పట్టుకున్నాడు. ముందు చూసుకోని చోట రాత్రిపూట దాడి చేయకూడదన్నదే ఆయన ఆ రాత్రి నేర్చుకున్న పాఠం. చీకటి, తెలియని నేల, రాకెట్లు మూడూ కలిసి అతణ్ని ఓడించాయి.

శ్రీరంగపట్నం కోటను రాకెట్లు కాపాడలేకపోయాయి. గోడను బద్దలు కొట్టాల్సినది పెద్ద ఫిరంగులు, అవి ఇంగ్లీషువారి వైపు బలంగా ఉన్నాయి. మే 2న ఒక గుండు కోటలోని రాకెట్ల నిల్వకు తగిలి అది పేలిపోయింది. మే 4న కోట కూలింది, టిప్పు పోరాడుతూ మరణించాడు. ఆ దాడిని ముందుండి నడిపిన ఇంగ్లీషు సేనాని డేవిడ్ బెయిర్డ్ పొల్లిలూరులో పట్టుబడి ఆ కోటలోనే ఏళ్ల తరబడి బందీగా ఉన్నవాడు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. కాంగ్రీవ్ రాకెట్ నకలా? సగం అవును. విలియం కాంగ్రీవ్ తండ్రి వూలిచ్‌లోని రాయల్ లాబొరేటరీకి అధిపతి. మైసూరు నుంచి పట్టుకెళ్లిన రాకెట్లు చేరినదీ వూలిచ్‌కే. భారతీయ రాకెట్లు వెయ్యి గజాలు పోతాయని కాంగ్రీవ్‌కు తెలుసు. 1804లో ఆయన లండన్‌లో దొరికే అతిపెద్ద తారాజువ్వలను కొని వదిలి చూస్తే అవి ఆరు వందల గజాలు దాటలేదు. అంటే అప్పటికి ప్రపంచంలో మెరుగైన రాకెట్ ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. 1806 నాటికి కాగితం గొట్టం వదిలి ఇనుప గొట్టానికి మారాడు. ఆ అడుగు మైసూరుది, ఇందులో నాకు సందేహం లేదు. ఆ తర్వాతివి మాత్రం అతనివే. మందును యంత్రాలతో మెత్తగా నూరడం, పైనుంచి జారే బరువుతో ఒకే తీరుగా దట్టించడం, 32 పౌండ్ల తరగతి రాకెట్‌తో మూడు వేల గజాలు అందుకోవడం, ఒకే కొలతతో వేలకొద్దీ తయారుచేయడం అతని పని. ఇంకొకటి. రాకెట్ వదిలితే ఫిరంగిలా వెనక్కి తన్నదు కాబట్టి చిన్న పడవ మీద నుంచి కూడా పెద్ద దెబ్బ కొట్టవచ్చన్న ఆలోచనే తనను దీనివైపు తిప్పిందని కాంగ్రీవ్ రాశాడు. నౌకాబలం గల దేశానికే తట్టే ఆలోచన అది.

1806 అక్టోబరు 8న ఫ్రాన్సులోని బూలోన్ రేవు మీద 18 పడవల నుంచి అరగంటలో సుమారు రెండు వేల రాకెట్లు వదిలారు. ఓడల కంటే ఊరే ఎక్కువగా తగలబడింది. 1807 సెప్టెంబరులో కోపెన్‌హాగెన్ మీద జరిగిన దాడిలో 25,000 రాకెట్లు వాడారన్న లెక్క ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాస్తూ వస్తున్నారు. దయచేసి దాన్ని వాడకండి. అక్కడ పేలిన రాకెట్లు మూడు వందల ప్రాంతం. నగరాన్ని కాల్చిన పనిలో అధిక భాగం మోర్టార్ బాంబులదీ ఫిరంగులదీ. 1813లో లైప్‌జిగ్ యుద్ధంలో కెప్టెన్ రిచర్డ్ బోగ్ రాకెట్ దళం ఫ్రెంచి పదాతిని కలవరపెట్టి లొంగదీసింది, బోగ్ అక్కడే ప్రాణం కోల్పోయాడు. సుల్తాన్‌పేట తోపులో రాకెట్లను చవిచూసిన వెల్లింగ్టన్‌కు మాత్రం ఆ ఆయుధం మీద నమ్మకం చివరిదాకా కుదరలేదు.

1814లో అమెరికాలో మూడు వారాల తేడాతో జరిగిన రెండు సంఘటనలు మీ మూడో ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన ఉత్తమమైన జవాబు. ఆగస్టు 24న బ్లేడెన్స్‌బర్గ్ దగ్గర కొత్తగా పోగుచేసిన అమెరికా సైనికులు తలల మీదుగా అరుస్తూ పోతున్న రాకెట్లను చూసి వరుసలు విడిచి పారిపోయారు. ఆ రాత్రే ఇంగ్లీషువారు వాషింగ్టన్‌ను తగలబెట్టారు. సెప్టెంబరు 13, 14 తేదీలలో బాల్టిమోర్ దగ్గర ఫోర్ట్ మెక్‌హెన్రీ మీద 'ఎరెబస్' అనే ఓడ నుంచి అవే రాకెట్లు, వాటితోపాటు ఇతర ఓడల నుంచి పెద్ద బాంబులు కురిశాయి. గోడల వెనుక నిలబడి గుండెనిబ్బరం చూపిన ఆ కోట దళం కదలలేదు. తెల్లవారేసరికి జెండా ఎగురుతూనే ఉంది. ఆ దృశ్యం చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన గీతమే తర్వాత అమెరికా జాతీయగీతమైంది. రాకెట్ల ఎర్రని వెలుగు ప్రస్తావన అందులో ఉన్నది అందుకే. ఆయుధం ఒకటే, మందు ఒకటే. ఎదుట నిలిచిన మనుషులు వేరు, నేల వేరు. బయలులో, చీకట్లో, శిక్షణ లేని సైన్యం మీద, పశువుల మీద రాకెట్ భయంకరమైన ఆయుధం. గోడ వెనుక నిలిచినవారి మీద దాని ప్రభావం తక్కువ. మైసూరు యుద్ధాలనూ ఈ కొలతతోనే చూడండి.

గురి ఎందుకు కుదరలేదో కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. వదిలిన తొలి క్షణాలలో రాకెట్ వేగం చాలా తక్కువ, కర్ర మీద గాలి ఇంకా పట్టు సాధించదు. మూతి ఒక పక్కకు రవ్వంత ఒరిగినా, మందు ఒక వైపు ముందుగా మండినా అప్పుడే దారి తప్పుతుంది. పక్కగాలి వీస్తే మరో చిక్కు. మండుతున్న రాకెట్ తోకను గాలి తోసేస్తుంది కాబట్టి ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది, మంట దాన్ని అటే నెడుతుంది. గుండు గాలి పోయే వైపు కొట్టుకుపోతుంది, రాకెట్ గాలికి ఎదురు పోతుంది. ఫిరంగికి అలవాటుపడిన సైనికుడు దిద్దుకునే ప్రయత్నంలో తప్పును రెట్టింపు చేసేవాడు. కాంగ్రీవ్ తర్వాతి కాలంలో పక్కన కట్టే కర్రను మధ్యకు మార్చాడు, కొంత మెరుగైంది. 1844లో విలియం హేల్ కర్రనే తీసేశాడు. మంట పోయే దారిని వంపుగా చేసి రాకెట్‌ను తన చుట్టూ తాను తిరిగేలా చేశాడు. ఆ తిరుగుడు వల్ల మూతిలోని ఒరుగు ఒకే దిక్కుకు లాగకుండా అన్ని దిక్కులకూ పంచుకుపోతుంది. మెక్సికో యుద్ధంలో అమెరికా సైన్యం వాటిని వాడింది. 1867లో బ్రిటిష్ సైన్యం అధికారికంగా తీసుకుంది. అప్పటికే గొట్టం లోపల మరలు కోసిన, వెనుక నుంచి నింపే ఫిరంగులు వచ్చేశాయి. గురిలోనూ దూరంలోనూ వాటికి హేల్ రాకెట్ సాటిరాలేదు.

మీరు ఈ విషయం మీద వ్యాసం రాస్తున్నట్లయితే తప్పక చేర్చవలసినది ఒకటుంది. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామం, అంటే హైదర్ 1763లో గెలుచుకుని ఆయుధాగారం పెట్టిన పాత బిదనూరు. 2002లో అక్కడ 160కి పైగా రాకెట్లు దొరికాయి. 2018లో ఒక ఎండిపోయిన బావి మట్టిలో తుపాకిమందు వాసన వస్తోందని గమనించి పురావస్తు శాఖవారు తవ్వితే తుప్పుపట్టిన రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. వూలిచ్‌కు పోయిన రెంటి మీద ఆధారపడి ఇన్నాళ్లూ లెక్కలు వేసిన మాబోటివాళ్లకు ఇది పెన్నిధి. వెయ్యి గొట్టాలున్నప్పుడు ఒకే కొలతకు పనివారు ఎంత దగ్గరగా తేగలిగారో, రేకు మందం ఎంత తేడా వచ్చేదో, అతుకు ఎలా వేశారో లెక్కకట్టి చెప్పవచ్చు. కొన్నింటిని కోసి, లోహాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, ఆ కొలతలను పట్టికగా అచ్చువేయాలి. లోహశాస్త్రం చదివే విద్యార్థులెవరైనా ఈ సమాధానం చదువుతుంటే, పరిశోధనకు ఇంతకంటే మంచి విషయం నేను చూపించలేను.